పక్కవాద్యము

సంగీతసభలో వేదిక మధ్య ఒకరు కూర్చుంటారు. ఆయన ప్రక్కన మరియొకరు కూర్చుంటారు. మధ్యనున్నవారి పేరు ప్రకటన పత్రములో పెద్ద అక్షరములతో అచ్చవుతుంది. ప్రక్కనున్నవారి పేరు దాని క్రింద చిన్న అక్షరములతో పడుతుంది. ఒక్కొక్కప్పుడు పడనే పడదు. సభ ముగిసిన తరువాత శ్రోతలు ఇంటికి పోతూ రాగమును గూర్చి మాట్లాడుకొంటారు, గాయకుని కంఠమును గూర్చి మాట్లాడుకొంటారు. రెండు గంటలపాటు ఆ రాగమునకు కాలమును కొలిచి ఇచ్చినవానిని గూర్చి మాట్లాడుకొనేవారు తక్కువ. ఆయన చేయి తప్పిన క్షణమున మాత్రము ఆయన ఉన్నట్లు అందరికీ తెలుస్తుంది.

ఇది సంగీతమునకు మాత్రమే చెందిన విషయము కాదు. ప్రతి వృత్తిలోను, ప్రతి ఇంటిలోను ఒకరి పని సాగుటకు తాళము పట్టి నిలుచువారు మరియొకరు ఉంటారు. కావున అడగవలసిన ప్రశ్న ఇది: ఒక మనిషి తన జీవితమంతా మరియొకరి పాటకు కాలము పట్టుటలో గడిపినచో, అతడు తనను తాను పోగొట్టుకొన్నట్లా? లేక, తనను తాను కనుగొనుటకు అదియును ఒక మార్గమా? సేవకు, సాహచర్యమునకు నడుమ గీత ఎక్కడ ఉన్నది?

ఈ ప్రశ్నకు మన భాషలే రెండు విధములుగా సమాధానము చెప్పుచున్నవి. తెలుగులో “వంత పాడుట” అన్నది నిందావాక్యము. స్వంత బుద్ధి లేక, ఎదుటివాడు అన్నదానికి తల ఊపేవానిని ఆ మాటతో ఎత్తిపొడుస్తాము. కాని బుర్రకథ చూచినవారికి నిజమైన వంత ఎట్టివాడో తెలుసును. కథకుడు తంబుర మీటుతూ కథ నడుపుతూ ఉంటే, గుమ్మెటలు పట్టిన వంతలు ఇరుప్రక్కల నిలబడి అతనిని ఆపుతారు, ప్రశ్నిస్తారు, పరిహసిస్తారు, లోకము పోకడను గుర్తు చేస్తారు. వంత లేనిదే కథకుడు ఒంటరి. అతని కథకు ఊపిరి తీసికొనే చోటు ఉండదు. హిందీలో పక్కవాద్యమునకు “సంగత్” అని పేరు. సత్సంగములోని సంగమే అది. సిక్కుల ప్రార్థనాసమూహమునకును అదే పేరు. అనగా ప్రక్కన వాయించుట అన్నది ఆ భాష లెక్కలో ఊడిగము కాదు, తోడు. ఒక భాష నిందగా మార్చినదానిని మరియొక భాష సత్సంగముతో ఒకే పీటపై కూర్చుండబెట్టినది. వీటిలో ఏది నిజమో తేల్చుటకు పదములు చాలవు, జీవితములను చూడవలెను.

పండిత చతుర్‌లాల్ జీవితము అట్టిది. ఆయన 1925లో రాజస్థానములోని ఉదయపూరులో జన్మించినారు. తండ్రి వ్యవసాయదారుడు, గానము తెలిసినవాడు. చతుర్‌లాల్ మొదట నాథూప్రసాద్ వద్దను, పిమ్మట హఫీజ్ మియా వద్దను తబలా అభ్యసించినారు. స్వాతంత్ర్యము వచ్చిన కాలమున ఢిల్లీ చేరి ఆకాశవాణిలో వాద్యకారుడైనారు. ఆనాటి ఢిల్లీలో సంస్థానముల ఆశ్రయము తప్పినవారు, విభజన వలన లాహోరు విడిచి వచ్చినవారు, జీవనోపాధి వెదకుకొంటూ వచ్చినవారు—అందరును పార్లమెంటు వీథిలోని రేడియో భవనము వైపు చూచుచుండిరి. రాజుల దర్బారులు ఇచ్చిన అన్నమును అప్పుడు రేడియో ఇచ్చినది. పండిత రవిశంకర్ 1949 నుండి 1956 వరకు అక్కడనే సంగీత దర్శకులుగా ఉండిరి.

రేడియోలో పక్కవాద్యకారుని పని మనస్సునకు కష్టమైనది. ఉదయమున ఖయాలు గాయకుడు, మధ్యాహ్నము సితారు, సాయంకాలము భజన. ఒక్కొక్కరి నడక ఒక్కొక్కటి. వచ్చినవారి రీతిని ఎరిగి, వారి గతిని పట్టుకొని, తన ఇష్టానిష్టములను ప్రక్కకు నెట్టి వాయించవలెను. హిందూస్థానీ పద్ధతిలో ఈ భారము మరింత హెచ్చు. కర్ణాటక సభలో గాయకుడు తన చేతితోనే తాళము వేసికొంటాడు. మృదంగము ఆ తాళమును విడిగా చెప్పనక్కర లేదు, దాని చుట్టును అల్లుకొంటూ పోవచ్చును. హిందూస్థానీ సభలో తాళమును చెప్పేది తబలాయే. తీన్‌తాల్‌లోని పదునారు మాత్రలను ఆవృత్తము వెంట ఆవృత్తము తప్పక వినిపించవలెను. ఆ పదునారింటిలో తొమ్మిదవ మాత్రతో మొదలయ్యే భాగమునకు “ఖాలీ” అని పేరు, అనగా శూన్యము. ఆ భాగమున ఎడమచేతి గంభీరనాదము తొలగిపోతుంది. పాడువాడు ఎంత దూరము విహరించినను, ఆ బోలుతనమును విని తానెక్కడ ఉన్నాడో తెలిసికొని “సమ్” అనే మొదటి మాత్రకు తిరిగి వస్తాడు. తోడున్నవాడు చేయు మేలు వాయించుటలోనే కాక, తగిన చోట తగ్గుటలోను ఉన్నదని తాళమే నేర్పుచున్నది.

1955లో వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ ఆహ్వానముపై ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ న్యూయార్కు వెళ్ళినప్పుడు ఆయన వెంట తబలా వాయించుటకు వెళ్ళినది చతుర్‌లాల్. అక్కడి ఆధునిక కళల ప్రదర్శనశాలలో కచేరీ జరిగినది. టెలివిజన్‌లో ప్రసారము జరిగినది. మెనూహిన్ పరిచయవాక్యములతో గ్రామఫోను రికార్డు వెలువడినది. మరుసటి సంవత్సరము రవిశంకర్ ఆకాశవాణి కొలువు విడిచి పశ్చిమ దేశములకు బయలుదేరినప్పుడును చతుర్‌లాలే తోడు. 1956 నాటి “త్రీ రాగాస్”, 1957 నాటి “ది సౌండ్స్ ఆఫ్ ఇండియా” అను రికార్డులలో వినిపించేది ఆయన తబలాయే. రెండవ దానిలో రవిశంకర్ రాగము, తాళము అనగా ఏమో పాశ్చాత్య శ్రోతలకు మాటలలో వివరించినారు. ఆ తాళమునకు నాదరూపము ఇచ్చినది చతుర్‌లాల్ వ్రేళ్ళు. భారతీయ తాళమును మొట్టమొదట విన్న వేలాది పాశ్చాత్యులకు ఆయనే తొలి గురువు. ఆయన వారిని చూడలేదు. వారిలో చాలమంది ఆయన పేరు గుర్తుంచుకోలేదు.

ఆ ప్రయాణములలో ఆయన జాజ్ డోలు విద్వాంసుడు జో జోన్స్‌తో కలిసి వాయించినారు. లోకము ఆయనను ఆదరముతో పాపా జో అని పిలిచేది. 1911లో జన్మించిన ఆ నీగ్రో జాతి వాద్యకారుడు కౌంట్ బేసీ బృందములో పేరు పొందినవాడు. అంతవరకు జాజ్‌లో కాలము పట్టే పని కాలితో మ్రోగించే పెద్ద డోలుది. అది ధమధమ మ్రోగి తక్కిన వాద్యములను కప్పివేసేది. జోన్స్ ఆ పనిని డోలు నుండి తీసి, కాలి క్రింద జతగా కదలే కంచుతాళములకు అప్పగించినాడు. ఉరుము వంటిది జల్లు వంటిదైనది. పియానో వినిపించినది, బాసు వాద్యపు తీగ వినిపించినది. తన వాద్యమును తేలిక చేసికొని ఇతరుల నాదమునకు చోటిచ్చినవానిగానే ఆయన చరిత్రలో నిలిచినాడు. తన చప్పుడును తగ్గించుటయే ఆయన ప్రతిభ. ఖాలీ అన్న మాట ఆయనకు తెలిసినను తెలియకున్నను, దాని ధర్మము తెలుసును.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి, తన్ను తాను తగ్గించుకొనుటయే పక్కవాద్యపు ధర్మమని తేల్చివేయవచ్చును. కాని ఇచ్చట ఒక్క క్షణము ఆగవలెను. తగ్గి ఉండుటలోని గొప్పతనమును గూర్చి హెచ్చుగా చెప్పువారు సాధారణముగా ఇతరులు తమ యెదుట తగ్గి ఉండుటను అనుభవించువారే. సేవను కీర్తించే గ్రంథములలో చాలభాగము సేవ పొందినవారు వ్రాసినవే. మన దేశములో తబలా, సారంగీ వాయించువారిని తరతరములుగా గాయకుని కంటె తక్కువవారిగా చూచినారు. కూర్చుండే చోటు, ఇచ్చే పారితోషికము, పేరు చెప్పే తీరు అన్నిటిలోను ఆ భేదము ఉండేది. అట్టివానితో “తగ్గి ఉండుటే నీ ధర్మము” అని చెప్పుట ధర్మబోధ కాదు. ఉన్న అన్యాయమునకు పూలదండ వేయుట మాత్రమే.

దీనికి సాక్ష్యము చతుర్‌లాల్ ఇంటిలోనే ఉన్నది. ఆయన తమ్ముడు పండిత రామ్‌నారాయణ్, 1927లో జన్మించినవారు, సారంగీ విద్వాంసులు. లాహోరు రేడియోలో పనిచేసి, 1947లో విభజనతో ఢిల్లీ వచ్చి, ఆకాశవాణిలోనే గాయకులకు పక్కవాద్యము వాయించినారు. సారంగీ గాయకుని కంఠమును నీడవలె వెన్నంటవలసిన వాద్యము. గాయకుడు పాడినదానిని మరల పలుకుటయే దాని విధి అని ఆనాటివారి నమ్మకము. రామ్‌నారాయణ్‌కు అది ఊపిరాడని స్థితి. ఆయన 1949లో ఢిల్లీ విడిచి బొంబాయికి వెళ్ళి సినిమాలలో పనిచేసినారు. 1956 నుండి సారంగీని వేదిక మధ్యకు తెచ్చి ఏకవాద్యముగా వినిపించినారు. పక్కవాద్యమునకే పరిమితమై ఉండిన వాద్యమునకు స్వతంత్ర గౌరవము వచ్చినది. 2005లో ఆయనకు పద్మవిభూషణ బిరుదము లభించినది. 2024లో, తొంబది ఆరేళ్ళ వయస్సున, కన్నుమూసినారు.

ఒకే తల్లి బిడ్డలు; ఒకే నగరములో, ఒకే సంస్థలో పక్కవాద్యకారులు. ఒకరు ఆ స్థానమున నిలిచి ప్రపంచమును చుట్టినారు. మరియొకరు ఆ స్థానమును నిరాకరించి ఒక వాద్యపు తలవ్రాతను మార్చినారు. వీరిలో ధర్మము తెలిసినవారు ఎవరు? అన్న సమర్థుడైన సేవకుడనియు, తమ్ముడు అహంకారి అనియు చెప్పగలమా? లేక తమ్ముడు ధీరుడనియు, అన్న లొంగిపోయినవాడనియు చెప్పగలమా? రెండును తప్పే. తమ్ముడు నిరాకరించినది ప్రక్కన కూర్చుండుటను కాదు, నీడగా ఉండుటను. అన్న అంగీకరించినది ప్రక్కన కూర్చుండుటను; నీడగా ఆయన ఎన్నడును లేరు. 1964లో రామ్‌నారాయణ్ మొదటిసారి విదేశములలో కచేరీలకు వెళ్ళినప్పుడు ఆయన ప్రక్కన తబలాతో కూర్చున్నది అన్న చతుర్‌లాలే. స్వతంత్రుడైన తమ్మునికిని తోడు అవసరమైనది. అన్న ఆ తోడు నిచ్చినారు.

అయితే నీడకు, తోడుకు భేదమేమి? దీనిని చక్కగా చెప్పిన కథ ఒకటి, చతుర్‌లాల్ స్వయముగా వాయించినదానిలోనే ఉన్నది. 1957లో కెనడా జాతీయ చలనచిత్ర సంస్థ వారు “ఎ చైరీ టేల్” అనే చిన్న చిత్రము తీసినారు. నార్మన్ మెక్‌లారెన్, క్లాడ్ జూత్రా దానిని రూపొందించినారు. రవిశంకర్, చతుర్‌లాల్ సంగీతము కూర్చినారు. ఆస్కార్ బహుమతికి పరిశీలింపబడిన చిత్రము అది. దానిలో మాటలు లేవు. ఒక యువకుడు, ఒక కుర్చీ, సితారు, తబలా. యువకుడు పుస్తకము చదువుకొనుటకు కుర్చీలో కూర్చోబోతాడు. కుర్చీ తప్పుకొంటుంది. అతడు మరల ప్రయత్నిస్తాడు. అది మరల తప్పుకొంటుంది. తరుముతాడు, పెనుగులాడుతాడు, అలుగుతాడు, బ్రతిమాలుతాడు. కుర్చీ లొంగదు. చివరకు అతనికి ఒక సంగతి తోస్తుంది. తానే కుర్చీ వలె వంగి, కుర్చీని తనపై కూర్చుండనిస్తాడు. అప్పుడు కుర్చీ శాంతించి అతనిని కూర్చుండనిస్తుంది.

పిల్లలు చూచి నవ్వుకొనే కథ. కాని నీతిశాస్త్రము దీనికంటె సూటిగా చెప్పగలిగినది కొంచెమే. కుర్చీ కోరినది తాను ఇక కుర్చీగా ఉండనని కాదు. కథ ముగిసినప్పుడు అది కుర్చీయే. తన బరువు ఎట్టిదో, మోయుట ఎట్టిదో ఎదుటివాడు ఒక్కమారైనను తెలిసికొనవలెనని మాత్రమే కోరినది. మోసినవాని భారమును తానును మోసి చూచినవానికే కూర్చుండే హక్కు కలుగుతుంది. నీడకు ఈ హక్కు లేదు. ఎవరును తమ నీడకు నీడ కాజాలరు. తోడుకు ఉన్నది.

సంగీతములోని మంచి సంప్రదాయములన్నియు ఈ మర్మము ఎరిగినవే. కర్ణాటక సభలో తని ఆవర్తనము వచ్చినప్పుడు పాడిన విద్వాంసుడు పాట చాలించి, తన చేతితో తాళము వేస్తూ మృదంగమునకు కాలము పడతాడు. అంతవరకు తోడు పొందినవాడు ఇప్పుడు తోడవుతాడు. హిందూస్థానీలో తబలా ఒంటరిగా వాయించునప్పుడు సారంగీయో హార్మోనియమో “లహరా” అనే చిన్న స్వరపంక్తిని మార్పు లేక తిప్పి తిప్పి వాయిస్తుంది. రాగము వెనుకకు పోయి తాళము ముందునకు వస్తుంది. రవిశంకర్ కర్ణాటక సభామర్యాదను చూచి, తన సితారు కచేరీలలో తబలాకు తనంత తాను పలికే అవకాశమిచ్చినారు. ఇది ఉదారత మాత్రమే అనుకొనరాదు, బాకీ తీర్చుట.

జాజ్ లోకములోను ఇదే బాకీని గూర్చి ఒక తగవు జరిగినది. దానికి నాయకుడు జో మొరెల్లో, 1928లో మసాచుసెట్స్ రాష్ట్రములో జన్మించినవాడు. పుట్టుకతోనే చూపు మందము. చిన్ననాడు వయొలిన్ నేర్చి, తొమ్మిదవ యేట బోస్టన్ సింఫనీ బృందముతో కలిసి వాయించినాడు. పదునైదవ యేట యాషా హైఫెట్జ్‌ను కలిసికొని, ఆ నాదమును తానెన్నటికిని సాధించలేనని నిశ్చయించుకొని, వయొలిన్ ప్రక్కన బెట్టి డోలు చేపట్టినాడు. 1956లో డేవ్ బ్రూబెక్ నాల్గురి బృందములో చేరునప్పుడు ఆయన పెట్టిన నియమము ఒకటే: తన వాద్యమునకును వేదికపై చోటు ఉండవలెను. ఆ బృందములోని సాక్సఫోను వాద్యకారుడు పాల్ డెస్మండ్ కోరినది వెనుక నుండి మృదువుగా కాలము పట్టే మనిషిని. మొరెల్లో డోలు మ్రోగి జనము లేచి చప్పట్లు కొట్టిన నాడు డెస్మండ్ అలిగినాడు. ఈయన ఉంటే తాను ఉండనన్నాడు. బ్రూబెక్ ఇద్దరిని విడువలేదు. కాలము గడిచినది, ఒకరి విద్యను ఒకరు గుర్తించినారు. 1959లో ఆ డెస్మండే, మొరెల్లో డోలునకు ఆధారముగా ఉండుటకై, ఐదు మాత్రల నడకలో ఒక రచన చేసినాడు. అదే “టేక్ ఫైవ్”. మన ఖండచాపు ఎరిగినవారికి ఐదు మాత్రలు కొత్త కాదు. ఖండచాపులో అది రెండు, మూడుగా విరుగుతుంది. ఆ రచన మధ్య భాగమున పియానో ఒకే నడకను మార్పు లేక మ్రోగిస్తూ ఉండగా డోలు ఒంటరిగా పలుకుతుంది. కుర్చీ కథ తిరిగి జరిగినది. అలిగినవాడే వంగి చోటిచ్చినాడు. జాజ్ లోకమున మిక్కిలి ప్రసిద్ధికెక్కిన రచనలలో అది ఒకటైనది.

దీనికి ఒక సంవత్సరము ముందు, 1958లో, ఆ బృందము భారతదేశమునకు వచ్చినది. మద్రాసులో మొరెల్లో ఒక మృదంగ విద్వాంసునితో కలిసి వాయించినాడు.   ఆ సంవత్సరమే వెలువడిన “కలకత్తా బ్లూస్” అనే రచనలో మొరెల్లో కర్రలు మాని చేతులతో డోలు వాయించినాడు. తన ఇంటి వాద్యమును ఎదుటివాని ఇంటి మర్యాదతో పలికించుటయు ఒక విధమైన సంగతే.

ప్రక్కన కూర్చున్నవానికి ధర్మమున్నట్లే మధ్య కూర్చున్నవానికిని ధర్మము ఉన్నదని ఇంతవరకు తేలినది. కాని ప్రక్కనున్నవాని మనస్సును గూర్చి ఇంకను ఒక మాట చెప్పవలెను. భారతములో ఇద్దరు సారథులు ఉన్నారు. అర్జునుని రథము నడిపినవాడు శ్రీకృష్ణుడు. కర్ణుని రథము నడిపినవాడు శల్యుడు. ఇద్దరును రథికునితో సమానులు, బహుశా అధికులు. అయినను కృష్ణుడు కోరి పగ్గములు పట్టినాడు. శల్యుడు సూతపుత్రునకు సారథ్యము చేయుట అవమానమని తలచి, నోటికి వచ్చినట్లు మాట్లాడే స్వేచ్ఛను నియమముగా పెట్టుకొని పట్టినాడు. యుద్ధమధ్యమున కర్ణుని మనస్సును మాటలతో విరిచినాడు. చేతులు పగ్గములు పట్టియున్నను మనస్సు పట్టలేదు. ఇష్టము లేని సేవ ఇద్దరిని చెరుపుతుంది. ఆ స్థానము తనకు సరిపడదని తోచినవాడు రామ్‌నారాయణ్ వలె లేచిపోవుట మేలు. శల్యుని వలె కూర్చుండుట కీడు. నిలిచియుండువాడు మనస్సుతో నిలిచియుండవలెను.

ఇట్లు నిలిచినవారు పొందే ఫలము ఏమి? కీర్తి మాత్రము నిశ్చయము కాదు. చతుర్‌లాల్ 1965 అక్టోబరు 14న, నలువదేళ్ళకే, మరణించినారు. ఆ మరణము తమ్ముని కుంగదీసినది. కొంతకాలము కచేరీ చేయుటయే ఆయనకు కష్టమైనది. మరి రెండేళ్ళు గడవకముందే, 1967 జూనులో, కాలిఫోర్నియాలోని మాంటెరే ఉత్సవమున రవిశంకర్ సితారు వినుటకు వేలాది యువజనులు కూడినారు. ప్రక్కన తబలా వాయించినది ఉస్తాద్ అల్లారఖా. ఆ దినముల నుండి తబలా ప్రపంచమంతట పరిచితమైన వాద్యమైనది. తలుపు తీసినవాడు ఇల్లు నిండుటను చూడలేదు. దీనిని విధి అని సరిపెట్టుకొనవచ్చును. కాని తలుపు తీసిన పని దానివలన తక్కువైనదా? అమెరికాలోని ఆ శ్రోతలకు తాళము అను మాట అప్పటికి కొంత తెలిసియుండినదనగా, పదేళ్ళ క్రిందటి ఆ రికార్డులు కొంత కారణము. పేరు నిలువకపోయినను పని నిలిచినది. ఆయన కుమారుడు తబలా చేపట్టినాడు. ఆయన పేర ఒక స్మారక సంస్థ ఢిల్లీలో సభలు జరుపుచున్నది.

పేరుతో పనిలేక పని నిలుచుటకు మరియొక మార్గము ఉన్నది, అది బోధన. గురువు కూడ ఒక విధమైన పక్కవాద్యకారుడే. శిష్యుడు తడబడుతూ పోయే దారిలో కాలము పట్టి వెంట నడుచువాడు. మొరెల్లో జీవితపు రెండవ సగము దీనికి నిదర్శనము. 1967లో బ్రూబెక్ బృందము విడిపోయినది. 1976 నాటికి ఆయన చూపు పూర్తిగా పోయినది. ఆయన న్యూజెర్సీలో డోలు నేర్పుతూ, అభ్యాసగ్రంథములు వ్రాస్తూ, 2011లో మరణించువరకు ఆ పనిలోనే గడిపినాడు. ఆయనకు గురువైన జార్జి లారెన్స్ స్టోన్ కథ ఇంకను విశేషమైనది. స్టోన్ వ్రాసిన కర్రల అభ్యాసములను శిష్యుడైన మొరెల్లో ఇంటికి తీసికొనిపోయి, వాటిలో తనకు తోచిన చోట్ల ఊనికలు చేర్చి తెచ్చి వినిపించేవాడు. గురువు వాటిని విని నొచ్చుకొనలేదు. ఆ మార్గమునే సాగించి మరియొక గ్రంథము వ్రాసి, దానిని శిష్యునికి అంకితమిచ్చినాడు. నేర్పినవాడు నేర్చుకొన్నాడు. ఇక్కడను కూర్చున్నవాడు లేచి, మోసినవానిని కూర్చుండబెట్టినాడు.

కావున మొదట అడిగిన ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము లేదు గాని, సమాధానము తెలిసికొనే విధము ఉన్నది. మరియొకరి పాటకు కాలము పట్టే జీవితము తనను తాను పోగొట్టుకొనునదా కాదా అన్నది మూడు సంగతులపై ఆధారపడుతుంది. ఆ స్థానమును మనిషి ఇష్టముతో స్వీకరించినాడా? దానిని విడిచిపోయే స్వేచ్ఛ అతనికి ఉన్నదా? మధ్య కూర్చున్నవాడు ఎన్నడైనను వంగి అతనికి చోటిచ్చినాడా? ఈ మూడును ఉన్నచోట అది సంగతు, సత్సంగమునకు తోబుట్టువు. ఇవి లేనిచోట, ఎంత మధురముగా మ్రోగినను, తెలుగువాడు నిందించే వంతపాటయే అవుతుంది. తప్పు పాడించుకొన్నవానిది.

శ్రోతకును ఇందులో భాగము ఉన్నది. సభకు పోయినవాడు ప్రకటన పత్రములోని చిన్న అక్షరములను గూడ చదువవచ్చును. పాట సమ్‌కు చేరినప్పుడు ఇద్దరు కలిసి చేరినారని గుర్తింపవచ్చును. ఇంటికి తిరిగి వచ్చి, తన దినచర్యకు ఎవరు కాలము పట్టుచున్నారో, వారికి తాను ఎన్నడైనను తాళము వేసినాడో లేదో, ఒకమారు లెక్క చూచుకొనవచ్చును.